చిన్న చిల్లు

“చిల్లు మాత్రం చిన్నదిగా ఉండాలమ్మా. గుండు దూరిన చోటా, బయటికొచ్చిన చోటా కూడా. రేపు తోలు గోడకి కొట్టించాక అతుకు కనపడకూడదు.”

డాక్టర్ వీరభద్రంగారు ఆ మాట అంటూ, రాగిణి బల్ల మీదున్న డబ్బాలోంచి ఒక గుండు తీసి, నగల కొట్లో ఉంగరం చూసినట్టు లైటుకేసి పట్టుకుని చూశారు. చంపబోయేది ఎలుగుబంటిని. ఎక్కడ కొడితే త్వరగా ప్రాణం పోతుందని అడగాల్సిన మనిషి, కెనడాలోని ఎడ్మంటన్‌లో ఏళ్ల తరబడి మనుషుల కడుపులు కోసి కుట్టి రిటైరైన సర్జన్, చర్మం పాడవకూడదని బేరం మొదలుపెట్టారు. రాగిణికి ఒళ్లు మండింది. అయినా కుర్చీ లాగి కూర్చోమంది. కాఫీ తాగుతారా అని కూడా అడిగింది.

బేస్‌మెంట్‌లో ఇంటిని వెచ్చబరిచే ఫర్నేసు పక్కనున్న ఆ చిన్న గదిలో ఆమె తూటాలు తయారుచేసుకుంటుంది. పగలు ఆయిల్ కంపెనీలో కెమికల్ ఇంజనీరు. సాయంత్రాలు ఇత్తడి గొట్టాల్లో తుపాకీమందు తూచి పోసి, పైన గుండు బిగిస్తుంది. తెలుగువాళ్లు తనని వెనకాల ‘బుల్లెట్ రాగిణి’ అంటారని ఆమెకి తెలుసు. తుపాకీ లైసెన్సుకి చదవాలన్నా, షూటింగ్ రేంజ్‌లో మెంబర్‌షిప్ కావాలన్నా మళ్లీ ఆమె గుమ్మమే ఎక్కుతారు. ఏటా శరదృతువులో ఒక జింకని కొట్టి మాంసం ఫ్రీజర్లో పెట్టుకుంటుంది. ఇంతవరకూ ఏ జింకకీ రెండో గుండు అవసరం రాలేదు. ఆ సంగతి ఎవరితోనూ అనదు గానీ లోపల ఆ గర్వం బాగానే ఉంది.

డాక్టరుగారు కొన్నది ఆఫ్రికాలో అడవిదున్నల్ని కొట్టే పెద్ద తుపాకీ. షాపతను మామూలుది చూపిస్తే “ఇంతకంటే పెద్దది లేదా?” అని అడిగారట. ఆ ముక్క ఆయనే నవ్వుతూ చెప్పారు.

రాగిణి మూడు గుండ్లు బల్ల మీద వరసగా నిలబెట్టింది.

“ఇదిగో అంకుల్, దీని ముక్కు మెత్తటి సీసం. ఒంట్లోకి దిగగానే పుట్టగొడుగులా విప్పారుతుంది. జంతువు ఎక్కువసేపు బాధపడదు. కానీ బయటికొచ్చే చోట పిడికిలి పట్టేంత కంత పడుతుంది.”

డాక్టరుగారు మొహం చిట్లించి రెండోదాని వైపు చూశారు. అది మొనదాకా గట్టి లోహం.

“ఇది విచ్చుకోనే విచ్చుకోదు. ఏనుగు పుర్రె పగలగొట్టడానికి చేసింది. ఎలుగుబంటికి ఇటునుంచి అటు పెన్సిలంత చిల్లు పెట్టి పోతుంది.”

“అమ్మయ్య, ఇదేగా నాక్కావలసింది!”

“ఇక్కడ వేటకి దీన్ని వాడకూడదు, చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్నా నేనివ్వను. చిల్లు పడ్డ సంగతి తెలియక ఆ జంతువు మైళ్ల కొద్దీ పరిగెడుతుంది. పొదల్లో పడి గంటల తరబడి చస్తుంది.” మూడోదాన్ని ఆయన ముందుకి జరిపింది. “ఇది మొత్తం రాగి. ముక్కులో చిన్న గుంట ఉంది చూడండి. వేగంగా తగిలితే నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది. ముక్కలవదు, లోతుగా దిగుతుంది, తోలు మరీ పాడవదు. వేగం ఉంటేనే సుమా.”

“ఇదే ఖాయం చెయ్యమ్మా.”

“నాదొక షరతు. మీరు వాడేది నేను చేసిన తూటాయే. ఎలుగు మీద ఒక్కటే పేలాలి. అది నిలబడ్డచోటే పడాలి. మీరు గురి నేర్చుకునేదాకా నేను వేటకి రమ్మనను, మీరూ వెళ్తాననకూడదు.”

“నీ మాటే నా మాట. మీ ఆంటీ కూడా అదే పట్టు పట్టింది. బాధపడకుండా పోతుందని రాగిణి చెబితేనే వెళ్లండి అంది.”

ఆ సాయంత్రమే డాక్టరుగారి భార్య చాముండేశ్వరిగారు ఫోన్ చేశారు. “ఈ వయసులో ఈయనకి ఈ పిచ్చేమిటో నాకర్థం కావట్లేదే. నోరులేనిదాన్ని చంపి గోడకి తగిలించుకుంటారట! ఆ తోలు కింద కూర్చుని నేను సీరియల్ చూడాలట. నువ్వు పక్కనుంటావు కాబట్టి ఊరుకుంటున్నాను. దానికి తెలియకుండా పోవాలమ్మా, అంతే.”

“మాటిస్తున్నానాంటీ,” అంది రాగిణి.

శనివారం రేంజ్‌కి వెళ్లేటప్పుడు కారు డిక్కీ నిండా ఖాళీ పెరుగు బకెట్లు వేసుకుంది. తెలుగు ఇళ్లలో వాటికేం కొదవ. నీళ్లు నింపి ఒకదాని వెనక ఒకటి పేర్చి, ముందు తనే పేల్చింది. మొదటి బకెట్ మూత ఎగిరి అవతల పడింది. గుండు అయిదో బకెట్లో అడుగున దొరికింది. నాలుగు రేకులూ చక్కగా వెనక్కి మడిచి ఉన్నాయి. డాక్టరుగారు దాన్ని అరచేతిలో పెట్టుకుని మురిసిపోయారు.

“దీన్ని కీచెయిన్ చేయించుకుంటానమ్మా,” అన్నారు.

తర్వాత ఆయన వంతు. తెలుగు అసోసియేషన్ సెక్రటరీ చక్రధర్, ఇంకో ఇద్దరూ ఫోన్లు పట్టుకుని వెనక నిలబడ్డారు. డాక్టరుగారు తుపాకీ భుజానికి ఆనించి, పేల్చే ముందే కళ్లు గట్టిగా మూసేశారు. తుపాకీ మొద్దు భుజాన్ని వెనక్కి తన్నింది. గుండు బోర్డుకి చాలా ముందే మట్టిలో దిగింది. రెండోసారీ అంతే. మూడోసారి ట్రిగ్గర్ నొక్కకముందే భుజం వెనక్కి లాక్కున్నారు. నవ్వుతూనే ఉన్నారు గానీ పై పెదవి మీద చెమట పట్టింది. చక్రధర్ కాఫీకి అటు తిరగ్గానే చొక్కా లోపలికి చెయ్యి పోనిచ్చి భుజం ఒత్తుకోవడం రాగిణి చూసింది.

అప్పుడే చెప్పేయాల్సింది. అంకుల్, ఈ తుపాకీ మీ ఒంటికి సరిపడదు, నా చిన్నది తీసుకోండి, ఎలుగుకి అదే ఎక్కువ అని. ఒక్క వాక్యం. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అరవై దాటిన పెద్దమనిషి, నలుగురి ముందు. పైగా ఆయన మొహంలో ఆ నవ్వు. “మొదట్లో అందరికీ అంతే అంకుల్,” అని ఊరుకుంది.

ఇంటికొచ్చి ఆయన కోసం కొత్త తూటాలు చేసింది. మందు తగ్గించి పోసింది. ఒక్కసారితో ఆగలేదు, తూచినదాంట్లోంచి ఇంకాస్త తీసేసింది. మందు తగ్గితే తన్ను తగ్గుతుంది. ఆయనకి చెప్పనవసరం లేదు, ఆయన పరువు ఆయనకుంటుంది.

“ఏంటి, ఇవాళ ఇంత లేటు?” అని మెట్ల మీద నుంచి భర్త సంజయ్ అడిగాడు.

“డాక్టరుగారి భుజం నొప్పికి మందు,” అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

మరుసటివారం డాక్టరుగారు పేల్చిన ప్రతి గుండూ గురికి పెట్టిన ఇనుప పళ్లేన్ని టంగుమనిపించింది. చక్రధర్ చప్పట్లు కొట్టాడు. “అలవాటైపోయిందమ్మాయ్!” అన్నారు డాక్టరుగారు. “అవునంకుల్,” అంది రాగిణి. పెరుగు బకెట్లు డిక్కీలోనే ఉన్నాయి. తగ్గించిన మందుతో గుండు ఎలా విచ్చుకుంటుందో చూద్దామని నీళ్లు నింపి పేరిస్తే, మళ్లీ ఎందుకని ఆయన అడుగుతారు. ఏం చెప్పాలి? డిక్కీ తెరవకుండానే ఇంటికొచ్చేసింది.

మే నెల మధ్యలో ఇద్దరూ ఉత్తరాన స్ప్రూస్ అడవుల్లోకి వెళ్లారు. గైడు పేరు బ్రెంట్. గడ్డం నిండా పొగాకు వాసన, మాట్లాడితే సగం మాటలు ముక్కులోంచే. నాలుగు లావు చక్రాల క్వాడ్ బండి మీద ఇద్దరినీ కూర్చోబెట్టుకుని బురదదారిలో తీసుకెళ్లి, ఒక చెట్టుకి గొలుసుతో కట్టిన ఇనప పీపా చూపించాడు. అదీ వేట. ఎలుగుని వెతకడం, జాడపట్టడం, నడవడం లాంటివేం ఉండవు. పీపాలో తిండి పోసి, ఎదురుగా చెట్టు మీద మంచె కట్టి, తినడానికొచ్చినప్పుడు కొడతారు. ఇక్కడ ఇది తప్పేం కాదు, పర్మిట్ ఉంది, చెట్టుకి కొట్టిన బోర్డు మీద బ్రెంట్ పేరూ ఉంది. రాగిణి ఇలాంటిది వినడమే గానీ చూడలేదు. మాడిన నూనె, కుళ్లిన మాంసం, బూజుపట్టిన డోనట్లు కలిసి ఒకే కంపు కొడుతోంది. ముక్కుకి స్కార్ఫ్ అడ్డం పెట్టుకుంది.

డాక్టరుగారు ఉత్సాహంగా బండి వెనక కట్టిన అట్టపెట్టె విప్పారు. అందులో వెండిరంగు రేకు ట్రేలు. మొదటి ట్రే మూత తీయగానే ఆ కంపులోంచి లవంగం, యాలకులు, నెయ్యి వాసన వచ్చింది. రాగిణి కాళ్లు ఆగిపోయాయి.

శ్రీరామనవమి కల్యాణానికి చేసిన బూందీ లడ్లు. కమ్యూనిటీ హాల్ వంటింట్లో చాముండేశ్వరిగారు పాకం పడుతుంటే, తనూ, శాంతా, పద్మినీ వేడికి అరచేతులు ఎర్రబడేదాకా చుట్టిన లడ్లు. పంపకం అయ్యాక చాలా మిగిలాయి. డౌన్‌టౌన్‌లో ఇల్లులేనివాళ్లకి షెల్టర్‌లో ఇస్తామని మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కూడా కొట్టారు. ట్రేలు తీసుకెళ్లింది డాక్టరుగారే.

“అంకుల్, ఇవి...”

“వాళ్లు తీసుకోలేదమ్మా. ఇంట్లో చేసినవి తీసుకోరట, రూలట. మీ ఆంటీకి చెబితే బాధపడుతుందని గరాజ్ ఫ్రీజర్లో పెట్టేశాను. పారేస్తే పాపం కదా. ఎలుగులకి తీపంటే ప్రాణమని బ్రెంట్ అంటే గుర్తొచ్చింది. ఎవరో ఒకరు తినడమేగా కావలసింది? నువ్వు కూడా మీ ఆంటీతో అనకు.”

బ్రెంట్ ఒక లడ్డు నోట్లో వేసుకుని, కళ్లు పెద్దవి చేసి, బొటనవేలు పైకెత్తాడు. మిగతావి ట్రేతో సహా పీపాలోకి కుమ్మరించాడు. దేవుడి ముందు పెట్టి దణ్ణం పెట్టుకున్నవి ఆ జిగురునూనెలో దొర్లుతూ పోయాయి.  ఈ మనిషి వంటింట్లో ఎన్నిసార్లు భోంచేశాం, ఎన్నిసార్లు ఈ చేతులకి వంగి దణ్ణం పెట్టాం అనుకుంది. తిట్టాలనిపించింది. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనిపించింది. కానీ వెళ్లిపోతే ఈయన ఒక్కడే పేలుస్తాడు. చాముండేశ్వరిగారికి తనిచ్చిన మాట ఒకటుంది. అది నిలబడ్డచోటే పడాలి. ఆ తర్వాత ఈ మనిషి మొహం చూడనవసరం లేదు.

మంచె మీద ముగ్గురూ దోమలు కుడుతున్నా కదలకుండా కూర్చున్నారు. ఈ రోజుల్లో ఎండ త్వరగా పోదు. చెట్ల నీడలు పీపా మీదకి సాగుతుండగా ఎలుగు వచ్చింది. చప్పుడే లేదు, ఇందాక లేదు, ఇప్పుడుంది. శీతాకాలమంతా నిద్రపోయి లేచిన ఒళ్లు, చిక్కిపోయి ఉంది. నల్లటి తోలు మాత్రం వదులుగా, నిగనిగలాడుతూ వేలాడుతోంది. పీపా అంచున ముక్కు పెట్టి వాసన చూసి, ముందుకాలు లోపలికి పోనిచ్చి, లడ్డు బయటికి దొర్లించుకుంది. మనుషుల్లా చతికిలబడి కూర్చుని తినడం మొదలెట్టింది. కింద రాలిన బూందీని కూడా నాలుకతో ఏరుకుంది.

రాగిణి చూపు తిప్పుకోలేకపోయింది. పక్కన డాక్టరుగారి ఊపిరి వినిపిస్తోంది. పక్కకి తిరిగేదాకా ఆగమని బ్రెంట్ వేలితో సైగ చేశాడు. అది తిరిగింది. తుపాకీ పేలింది. ఈసారి ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి, రాగిణి చూసింది.

ఎలుగు పడలేదు. ఎవరో గిల్లినట్టు ఒళ్లు ముడుచుకుని, గబుక్కున లేచి, తిన్నగా పొదల్లోకి పోయింది. కొమ్మలు విరిగిన చప్పుడు కొంతదూరం వినపడి ఆగిపోయింది.

“తప్పిందా?” అన్నాడు బ్రెంట్. కిందికి దిగి చూస్తే ఆకుల మీద చిన్న చిన్న నెత్తుటి చుక్కలు. అంతే. అప్పుడు పొదల్లోంచి మూలుగు వచ్చింది. లోగొంతుతో, మనిషి మూలిగినట్టే. ఆగింది, మళ్లీ వచ్చింది.

డాక్టరుగారు తుపాకీ తీసుకుని పొదలవైపు నడిచారు. బ్రెంట్ భుజం పట్టి ఆపాడు.

“వెళ్లకూడదు. గాయపడ్డ ఎలుగు, లోపలేముందో కనపడని పొద. వెలుగు పోతోంది. పొద్దున్నే వెతుకుదాం.”

“లోపల నెత్తురు నిండుతోంది. ఊపిరితిత్తుల్లో. నాకు ఆ చప్పుడు తెలుసు,” అన్నారు డాక్టరుగారు ఇంగ్లీషులో. తర్వాత రాగిణివైపు తిరిగారు. “చెప్పమ్మా ఇతనికి. అలా వదిలేసి ఎలా పోతాం? ప్రాణం కదా అది.”

పద్ధతి ప్రకారం ఆగాల్సిందే. రాగిణికి అది తెలుసు. “పొద్దున్నే వద్దామంకుల్,” అంది. తోలు గోడకి కొట్టించుకుంటానన్న మనిషి బురదలో నిలబడి చేతులు నలుపుకుంటుంటే, మాటిచ్చిన మనిషి ముందుగా క్వాడ్ ఎక్కి కూర్చుంది.

పొద్దున వెతగ్గా వెతగ్గా పొద అంచునే దొరికింది. బోర్లా పడి ఉంది. రాగిణి చెయ్యి పెట్టి చూస్తే చంక కింద ఇంకా గోరువెచ్చగా ఉంది. చుట్టూ నాచు అంతా పీకేసి ఉంది. మూతి దగ్గర పసుపుపచ్చటి బూందీ నెత్తుటి నురగలో అంటుకుని ఉంది.

బ్రెంట్ దాన్ని దొర్లించి, పక్కటెముకల మీద వెంట్రుకలు పాయతీశాడు. చిటికెనవేలంత చిల్లు. అటువైపు తిప్పాడు. అంతే చిల్లు. వేలు పెట్టి చూసి ఈల వేశాడు. “ఇంత శుభ్రమైన తోలు నేనెప్పుడూ చూడలేదు డాక్. ఒక్క కుట్టు కూడా అక్కర్లేదు.”

తోలు వలిచాక డాక్టరుగారు కత్తి అడిగి తీసుకున్నారు. మోకాళ్ల మీద కూర్చుని, పక్కటెముకల మధ్య కోసి, రెండు వేళ్లతో ఊపిరితిత్తి బయటికి తీశారు. రాగిణి ఆయన భుజం మీదుగా చూసింది. గుండు సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. రెండు ఊపిరితిత్తుల్లోంచీ పోయింది. కానీ ఆ దారి మేకు దిగినట్టు సన్నగా, నున్నగా ఉంది. రేకు విచ్చుకున్న ఆనవాలు ఎక్కడా లేదు. అన్ని రోజులు తను వద్దు వద్దన్న ఏనుగు గుండు చేసే పనే తన రాగి గుండు చేసింది. వేగం లేదు. ఆ వేగాన్ని తనే చెంచాతో తీసేసింది.

డాక్టరుగారు ఆ దారిలో వేలు పోనిచ్చి చివరిదాకా తడిమి చూశారు. తలెత్తి రాగిణి మొహం చూశారు. లేచి చేతులు నాచుకి తుడుచుకుంటూ బ్రెంట్‌తో అన్నారు, “నా తప్పే. చివర్లో చెయ్యి వణికింది. కాస్త వెనక తగిలింది.”

బ్రెంట్ “జరుగుతుంటాయి” అని తోలు చుట్టాడు.

వెనక తగల్లేదు. రాగిణికి తెలుసు, ఆయనకి ఇంకా బాగా తెలుసు. 

తోలు బ్రెంట్ దగ్గరే ఉండిపోయింది. ఏ ఆకారంలో చేయించాలని అతను అడిగితే తర్వాత ఫోన్ చేస్తానన్నారు డాక్టరుగారు. రాగిణి కారు హైవే ఎక్కించింది.

“రెండోవారం రేంజ్‌లో తన్ను తేలిగ్గా ఉందమ్మా,” అన్నారాయన కిటికీలోంచి చూస్తూ. “మందు తగ్గించావని అప్పుడే తెలిసింది.”

రాగిణి స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. “మరి అడగలేదేం?”

“నా కోసమే చేశావు కదా. అడిగితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని.” సీటుబెల్టు సర్దుకుంటూ అన్నారు, “బ్రెంట్‌తో కూడా అందుకే అలా అన్నాను. నీకు పేరుంది ఇక్కడ.”

రాగిణి కారు పక్కకి ఆపి, తలుపు తీసి, కంకర మీద వాంతి చేసుకుంది. నిన్నటినుంచీ అసహ్యమంతా ఈయన మీదే పెట్టుకుంది. ఈయన లడ్లు, ఈయన పీపా, ఈయన గోడ. మరి తను? ఆయన నొచ్చుకుంటారని తను చెప్పలేదు, తను నొచ్చుకుంటుందని ఆయన అడగలేదు. ఇద్దరూ ఎంత మర్యాదస్తులు! ఆ మర్యాద మధ్యలో పడి ఒక జంతువు రాత్రంతా నాచు పీక్కుంది. ఛీ అనుకుంది. ఎవరిని అన్నదో విడదీసి చూసుకోలేదు.

డాక్టరుగారు వెనక నిలబడి నీళ్ల సీసా అందించారు. “పుక్కిలించమ్మా.”

ఇంటి దగ్గర దించగానే వెళ్లిపోదామనుకుంది గానీ, చాముండేశ్వరిగారు చెయ్యిపట్టుకుని లోపలికి లాక్కెళ్లారు. వంటింట్లో స్టవ్ మీద మూకుడు, పక్కన గిన్నెలో జారుగా కలిపిన శనగపిండి. మనవరాలి పుట్టినరోజుకి బూందీ దూస్తున్నారు. ఇల్లంతా నెయ్యి వాసన. రాగిణి సింకు దగ్గరికి జరిగి నిలబడింది.

“ఒక్క దెబ్బకే పడిపోయిందటగా? ఈయన పొద్దున ఫోన్లో చెప్పారు. అమ్మయ్య అనుకున్నానే. నువ్వున్నావు కాబట్టి సరిపోయింది.”

గుమ్మంలో డాక్టరుగారు నిలబడ్డారు. కళ్లతోనే వద్దన్నారు. ఆ చూపులో తన కోసం ఎంత ఉందో, రాగిణి కోసం ఎంత ఉందో ఆయనకే తెలియాలి. ‘అవునాంటీ’ అనే మాట ఆమె నాలుక మీద సిద్ధంగా ఉంది. ఎన్నేళ్లుగానో అన్న మాటే. అంటే చాలు, అందరూ హాయిగా టిఫిన్ తింటారు.

“లేదాంటీ,” అంది. “పడలేదు. రాత్రంతా పొదల్లో మూలిగి తెల్లారాక పోయింది. అంకుల్ గురి బాగానే ఉంది. తూటా నాది. ఆయన భుజం నొప్పెడుతోందని చెప్పకుండా మందు తగ్గించాను. అందుకే అలా అయింది.”

చాముండేశ్వరిగారు గరిటె మూకుడులోంచి పైకి తీశారు.

“ఇంకోటి. నవమికి మనం చుట్టిన లడ్లు షెల్టర్‌వాళ్లు తీసుకోలేదు. ఎలుగుకి ఎరగా వేసింది వాటినే.”

డాక్టరుగారు తల దించుకున్నారు. “నువ్వు బాధపడతావని...” అని ఏదో మొదలుపెట్టి ఆపేశారు.

చాముండేశ్వరిగారు భర్తవైపు చూడలేదు. రాగిణివైపూ చూడలేదు. తిడతారని రాగిణి కాచుకుని నిలబడింది, తిడితే బాగుండనిపించింది కూడా. ఆవిడ స్టవ్ కట్టేశారు. గరిటె పళ్లెంలో పెట్టి, పిండి అంటిన వేళ్లు నీళ్ల కింద ఒక్కొక్కటే కడుక్కున్నారు. చీర చెంగుతో తుడుచుకుని, మూకుడులోకి చూస్తూ అడిగారు.

“తిందా అది? కాస్తయినా తిందా, కొట్టేముందు?”